ఆంధ్రభాషా సేవకుడు బ్రౌను దొరగారు

గ్రంథము పుట్టుట యొక యెత్తు, అది నిలుచుట మరియొక యెత్తు. కవి కావ్యమును ముగించి, ఆశ్వాసాంత గద్యలో తన పేరును తండ్రి పేరును చెప్పుకొనును. కృతిభర్త పేరు షష్ఠ్యంతములలో వెలయును. కాని ఆ కావ్యమును చెదపురుగుల నోటినుండి తప్పించి, మూడు నాలుగు వందల యేండ్ల తరువాత చదువరి చేతి కందించిన వాని పేరు అందులో నెచటను కానరాదు. అట్టివారి ఋణము చదువుకొన్న ప్రతి యింటిమీదను గలదు. తెలుగువారికి అట్టి ఋణదాతలలో అగ్రగణ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. ఆయన పుట్టుకచే ఆంగ్లేయుడు, వృత్తిచే కుంపిణీ యుద్యోగి, మతముచే క్రైస్తవుడు. అయినను తన జీతములో పెద్దపాలు తెలుగు పండితుల వేతనములకును, వ్రాయసకాండ్ర కూలికిని వెచ్చించి, పెండ్లియైనను లేక 86 ఏండ్లు జీవించి, తాను కూర్చిన గ్రంథసంపద నంతయు తెలుగునేలకే విడిచి వెళ్లెను. గ్రంథాలయపు బీరువాలో వేమన పద్యములనో, నిఘంటువునో తీసి చూచువారందరు ఆయన చరిత్రమును తెలిసికొనుట యుక్తము.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతగురువు. అనాథ బాలుర శరణాలయమును చూచుటకై 1786లో హిందూదేశమునకు వచ్చి కలకత్తాలోనే స్థిరపడినవాడు, బహుభాషలయం దాసక్తి గలవాడు. ఇంటిలో పుస్తకములకును, దేశదేశముల విద్వాంసుల రాకపోకలకును కొదువ లేదు. తండ్రి ప్రోత్సాహమున చార్లెస్ బాల్యముననే హిబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ భాషలలో ప్రవేశము సంపాదించెను. 1812లో తండ్రి మరణించెను. అప్పటికి బాలునకు పదునాలుగేండ్లు నిండలేదు. కుటుంబము ఇంగ్లండునకు మరలిపోయెను. అచ్చట హెయిలీబరీ యను గ్రామమున కుంపిణీవారు తమ యుద్యోగులకై నెలకొల్పిన కళాశాలలో చదివి, 1817 ఆగస్టు మాసమున బ్రౌను చెన్నపట్టణపు రేవున దిగెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిది యేండ్లు. తెలుగున ఒక్క మాటయైనను ఆయనకు రాదు.

ఆ కాలమున సర్ తామస్ మన్రో చెన్నపట్టణమునకు గవర్నరై, ప్రజల భాష రాని యుద్యోగి ప్రజలకు న్యాయము చేయజాలడని నమ్మి, దొరలందరు దేశభాషలను నేర్వవలెనని విధించెను. బ్రౌను సెంటుజార్జికోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చి, 1820లో పరీక్ష నిచ్చి నెగ్గెను. నాడు తెలుగు నేర్వదలచిన పరదేశికి సాధనములు మిక్కిలి తక్కువ. కేంబెలు దొర వ్యాకరణము 1816లో వెలువడి యుండెను. ఆయన నిఘంటువు 1821 వరకు వెలువడలేదు. బందరు నివాసియగు మామిడి వెంకయ్యగారు కూర్చిన ఆంధ్రదీపిక పండితుల కుపకరించునదే కాని, మొదటి మెట్టున నున్నవానికి అందునది కాదు. కావున గురుముఖమున వినుటయు, విన్నదానిని వ్రాసికొనుటయు, వ్రాసినదానిని మరల గురువునకు చూపి దిద్దుకొనుటయు ఆయనకు నాటినుండి అలవాటయ్యెను. ఆ యలవాటు జీవితాంతము విడువలేదు.

1820లోనే ఆయన కడప కలెక్టరు హాన్‌బరీ దొరకు సహాయకుడుగా నియమింపబడెను. హాన్‌బరీ తెలుగు చక్కగా మాటలాడగల యధికారి. కచేరీ వ్యవహారము తెలుగుననే నడచుచుండెను. అర్జీ తెచ్చిన రైతు, లెక్క చెప్పు కరణము, సాక్ష్యమిచ్చు తలారి, ఇంటి గొడవ విన్నవించుకొను ముసలమ్మ, వీరి నోట వచ్చు తెలుగు కళాశాలలో చదివిన తెలుగు కాదు. భాషకు గ్రంథములందొక రూపమును, జనుల నోట నొక రూపమును గలవనియు, రెంటిని ఎరిగినవాడే భాష నెరిగినవాడనియు బ్రౌను కడపలోనే గ్రహించెను. తాను భాష నేర్చుటతో తృప్తినొందక, పేదపిల్లలకై 1821లో కడపయందు రెండు ఉచిత పాఠశాలలను, 1823లో బందరునందు మరి రెంటిని తన ఖర్చుతో నెలకొల్పెను. దేశభాషలలో బాలురకు చదువు చెప్పించుట వానియందు జరుగుచుండెను. అప్పటికాయన చిన్న యుద్యోగి. సర్కారు సొమ్ము ఒక్క రూకయైనను వానికి ముట్టలేదు.

1822లో బ్రౌను బందరునకు మార్పబడెను. అచ్చట నుండగా 1824లో డుబాయి యను ఫ్రెంచి క్రైస్తవగురువు హిందువుల ఆచారవ్యవహారములను గూర్చి వ్రాసిన గ్రంథమును చదువుట తటస్థించెను. అందు వేమన యను కవి ప్రస్తావన గలదు. అది చదివినది మొదలు బ్రౌను వేమన పద్యములకై వెదుక నారంభించెను. పల్లెలలో పాలేరు మొదలు పెదకాపు వరకు నందరి నోటను వేమన పద్యములుండెను. కాని పండితుల యిండ్లలో ఆ కవికి పీట లేదు. ఆటవెలదులలో సామాన్యుల మాటలతో చెప్పినవాడు, కులాచారములను దూషించినవాడు అను తలంపుతో వారు వేమనను కవిగా గణింపకుండిరి. పండితులు కాదన్న కవిని, జనులు విడువని కవిని, సీమదొర యొకడు తాటాకు కట్టలలో వెదకుట నాటివారికి వింతగానే తోచియుండును.

సేకరించిన ప్రతులలో ఒకదానికొకటి పొసగలేదు. ఒక ప్రతిలో నున్న పద్యము మరియొక దానిలో లేదు. ఒకే పద్యము రెండు ప్రతులలో రెండు విధములుగా నుండెను. ఇతరులు కల్పించి చేర్చిన పద్యములును గలవు. బ్రౌను వాని నన్నిటిని కాగితములపై కెత్తించి, పద్యములను పోల్చి, పాఠాంతరములను గుర్తించి, మంచివని తోచిన వానిని ఏరి, ప్రతి పద్యమునకు అంకెవేసి ఆంగ్లమున ననువదించెను. 1829లో 693 పద్యములతో ఆ గ్రంథము చెన్నపట్టణమున అచ్చయ్యెను. అంతటితో చాలునని యూరకుండక, మరి పదియేండ్లు శోధించి, 1839లో 1164 పద్యములతో రెండవ ముద్రణమును వెలువరించెను. నేడు బడిపిల్లవాడు వల్లించు వేమన పద్యము సభలకెక్కి, పాఠ్యపుస్తకముల కెక్కుటకు మొదటి మెట్టు ఈ కూర్పే.

వేమన ద్వారమున ప్రవేశించిన బ్రౌనునకు తెలుగు వాఙ్మయపు లోగిలి విశాలమని త్వరలోనే తెలిసెను. బందరున వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, తిప్పాభొట్ల వేంకటశివశాస్త్రి మొదలైన పండితులు ఆయనకు ఛందస్సును, కావ్యములను బోధించిరి. 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులను గూర్చి ఆంగ్లమున గ్రంథమును ప్రకటించెను. యతిప్రాసలు తెలియనివానికి పద్యములోని దోషము కానరాదు. దోషము కానరానివాడు ప్రతులను సరిచూడజాలడు. కావున ఛందస్సును ముందు నేర్చి, పిదప కావ్యములకు పూనుకొనెను. అప్పటికి తెలుగు గ్రంథములలో అచ్చునకెక్కినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. రాజాస్థానములు చితికిపోయెను. పండితునకు గ్రాసము లేదు. పండితుడు లేనిచోట గంటము పట్టువాడు లేడు. తాటాకు ప్రతిని తరమున కొకసారియైనను ఎత్తి వ్రాయకున్న అది శిథిలమగును. ఇంకొక తరము గడచిన తెలుగు కావ్యములలో పెక్కు పేరునకు మాత్రమే మిగులునని బ్రౌను కనిపెట్టెను. నాటి పరిస్థితిలోని యపాయము ఇదియే. ఆయన పూనిక కంతటికి మూలకారణమును ఇదియే.

1826లో మరల కడపకు వచ్చి, ఊరి వెలుపల ఎఱ్ఱముక్కపల్లెయందు తోటతో గూడిన బంగళా నొకదానిని కొని, దానిని గ్రంథపరిష్కరణ శాలగా మార్చెను. జనులు దానిని బ్రౌను కాలేజి యని పిలిచిరి. చదువు చెప్పు కళాశాల కాదది, గ్రంథములకు చికిత్సాలయము. జూలూరి అప్పయ్యశాస్త్రి వంటి పండితులు, వారితో కూడ వ్రాయసకాండ్రు, ప్రతులను వెదకి తెచ్చువారు అచ్చట జీతములపై పనిచేసిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డిగారు వ్యవహారమంతయు చూచుకొనుచుండెను. బ్రౌను ఏ జిల్లాకు మార్పబడినను కడపలోని పని ఆగెడిది కాదు. జాబులమీద జాబులు వ్రాయుచు, వచ్చిన ప్రతులను చూచుచు, సందేహములను తీర్చుకొనుచు ఆయన దూరమునుండియే దానిని నడిపించెను.

అచ్చటి పని తీరును తెలిసికొన్నగాని ఆయన సేవ యెంతటిదో బోధపడదు. ఒక కావ్యమును పరిష్కరింపవలెనన్న ముందు ఊరూర నుండి దాని ప్రతులను కొనియో, ఎరవు తెచ్చియో సమకూర్పవలెను. వానిలో ఒకదానిని కాగితముపై విశాలముగా నెత్తి వ్రాయింపవలెను. ఒకడు ఆ ప్రతిని చదువుచుండగా, తక్కిన ప్రతులను ముందుంచుకొన్నవారు తేడా వచ్చినచోట ఆపి చెప్పవలెను. ఆ తేడాలను వ్రాసికొని, ఛందస్సునకును వ్యాకరణమునకును అర్థమునకును ఏది పొసగునో పండితులు విచారించి నిర్ణయింపవలెను. తాటాకుపై పద్యమునకు పద్యమునకు నడుమ ఎడముండదు, పదమునకు పదమునకు విరామముండదు. కాగితపు ప్రతిలో పద్యమును పద్యముగా విడదీసి అంకె వేయవలెను. చివరకు పదముల పట్టికను, వలసినచో టీకను చేర్పవలెను. ఇట్టి పని ఒక్క గ్రంథమునకే నెలలు పట్టును. బ్రౌను దీనిని పదుల కొలది గ్రంథములకు చేయించెను. భారత భాగవతములు, ప్రబంధములు, శతకములు, ద్విపదలు, పల్నాటి వీరచరిత్రము వంటి జనుల పాటలు, స్థానిక చరిత్రలు, వేనినైనను ఆయన తక్కువ చూపు చూడలేదు.

ఈ పనుల కంతటికి ధనమెక్కడిది? కుంపిణీవారు దీనికొరకు పైకమిచ్చినవారు కారు. బ్రౌను తన జీతమునుండియే పండితులకు జీతములిచ్చెను. అది చాలనప్పుడు అప్పుచేసెను. అప్పునకు వడ్డీ పెరిగెను. వడ్డీ కట్టుచునే మరల ప్రతులను కొనెను. ఆనాటి దొరలలో పలువురు పది పదునైదేండ్లు ఉద్యోగము చేసి, సీమకు పోయి భవనములు కట్టుకొని సుఖముగా నుండిరి. బ్రౌను జమాఖర్చులలో జమ పుటలో జీతము, ఖర్చు పుటలో తాటాకులు, కాగితము, సిరా, పండితులు. నిలువలో మిగిలినవి పుస్తకములే. బీదలకును వికలాంగులకును చేసిన సహాయము వేరు. లోకజ్ఞానము గలవారు దీనిని అవివేకమని యుందురు. కాని ఆ నిలువయే నేటికిని వ్యయము కాక నిలిచియున్నది.

1832లో గుంటూరు సీమకు నందన కరువు వచ్చెను. దానినే డొక్కల కరువనియు, పెద్దకరువనియు జనులు చెప్పుకొందురు. వానలు లేవు, కాలువలు లేవు, పరగ్రామములనుండి ధాన్యము తెచ్చు బాటలు లేవు. జిల్లా జనములో మూడవవంతునకు తక్కువ కాకుండ నశించెనని చెప్పుదురు. అప్పుడు బ్రౌను ఆ ప్రాంతపు టుద్యోగములలో నుండెను. పైయధికారులు దానిని కొరతయని వ్రాయుటకు ఇష్టపడిరి. బ్రౌను తన నివేదికలలో దానిని కరువనియే వ్రాసెను. మాటలో నేమున్నదని కొందరనవచ్చును. కొరతయన్న సర్కారునకు బాధ్యత తక్కువ, కరువన్న గంజికేంద్రములు తెరువవలెను, శిస్తు విడువవలెను. నిఘంటుకారునకు మాట విలువ తెలియును. కన్నదానికి తగిన మాటనే వాడెను. అది పైవారికి రుచింపలేదు. పిమ్మట వారితో పొత్తు కుదరక, 1834లో ఆయన యుద్యోగము పోయెను. ముప్పదియారేండ్ల వయస్సున అప్పులతో, చేయుటకు పనిలేక, ఇంగ్లండునకు ఓడ యెక్కెను.

ఇట్టి దెబ్బ తగిలిన మరియొకడు తెలుగుమాట యెత్తక పోయెడివాడు. బ్రౌను లండనులో దిగి, కుంపిణీవారి ఇండియా హౌసు గ్రంథాలయమునకు పోయెను. అచ్చట దక్షిణదేశపు వ్రాతప్రతులు గుట్టలుగా పడియుండెను. 1811లో మరణించిన లేడెను అను పండితుడు సేకరించినవి వానిలో ముఖ్యములు. చదువగలవారు లేక, పట్టిక లేక అవి యేండ్లతరబడి మూలుగుచుండెను. బ్రౌను వానిని విప్పి, చూచి, పట్టిక తయారుచేసెను. చదువువారు లేనిచోట గ్రంథముండి ప్రయోజనములేదని తలచి, హోరేసు విల్సను పండితుని సహాయముతో 2106 ప్రతులను చెన్నపట్టణపు విద్వత్సభకు పంపు నేర్పాటు చేయించెను. దేశము దాటిపోయిన గ్రంథములు తిరిగి స్వదేశమునకు వచ్చుట అరుదు. ఉద్యోగము పోయిన మనుష్యుడు జీతములేకుండ చేసిన పని యిది.

1838 నాటికి ఆయన మరల చెన్నపట్టణమున కుంపిణీ కొలువులో పారసీ భాషాంతరీకరణోద్యోగిగా ప్రవేశించెను. తరువాత తెలుగు భాషాంతరీకరణమును, తపాలాశాఖ పై యధికారమును, కళాశాలా మండలి సభ్యత్వమును వహించెను. ఈ పదునేడేండ్లును ఆయన జీవితమున పంటకాలము. కడపలో పండితులు పండించిన పంట చెన్నపట్టణమున అచ్చుకూటములకు చేరెను. 1840లో తెలుగు వ్యాకరణము ఆంగ్లమున వెలువడెను. రామరాజభూషణుని వసుచరిత్రము 1844లోను, అల్లసాని పెద్దన మనుచరిత్రము 1851లోను అప్పయ్యశాస్త్రిగారి వ్యాఖ్యలతో ముద్రితములయ్యెను. తాను కూర్చిన వ్రాతప్రతుల భాండారమును ఆయన అమ్ముకొనలేదు. చెన్నపట్టణపు విద్వత్సభకు దానముచేసెను. మెకంజీ దొర కూర్చిన ప్రతులు, లండనునుండి తిరిగివచ్చిన ప్రతులు, బ్రౌను ప్రతులు, ఈ మూడును కలిసియే తరువాత చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకశాలగా నేర్పడినవి. తెలుగు కావ్యములను తరువాతికాలమున పరిష్కరించి ప్రకటించినవారిలో ఆ పుస్తకశాల మెట్లెక్కనివారు అరుదు.

ఇన్నిటికి మకుటమువంటిది ఆయన నిఘంటువు. ఆంగ్లమునుండి తెలుగునకును, తెలుగునుండి ఆంగ్లమునకును రెండు సంపుటములను 1852, 1853 ప్రాంతములలో వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాశాలలో నచ్చువేయించెను. వాని వెనుక ముప్పదియేండ్ల కృషి గలదు. కావ్యములలో కాననగు మాటలను పండితులచేత పట్టికలు వ్రాయించెను. పొలములోను, అంగడిలోను, వంటయింటిలోను వినబడు మాటలను తానే ఏరుకొనెను. పద్యములలో ప్రయోగము కనబడినచోట దానిని చూపెను. కనబడనిచోట జనులు వాడునదే ప్రమాణమని గ్రహించెను. చేప పేరు, చెట్టు పేరు, నగ పేరు, తిట్టు, జాతీయము, వేనిని విడువలేదు. గోదావరి నదిపై ధవళేశ్వరము వద్ద కాటను దొర ఆనకట్ట ముగిసినదియు 1852లోనే యని చెప్పుదురు. ఒకరు నీటికి కట్ట కట్టి పొలములకు మరలించెను. ఒకరు మాటలకు కట్ట కట్టి చదువరులకు మరలించెను. ఇద్దరును డొక్కల కరువు కాలమును ఎరిగినవారే.

గ్రామాధికారులకు, లెక్కలు వ్రాయువారికి ప్రత్యేకముగా ప్రియములు కాదగిన పుస్తకములు కూడ ఆయన కూర్చెను. జిల్లా కచేరీలలో వాడు మాటలకు 1852లో జిల్లా నిఘంటువును, పారసీ హిందూస్తానీలనుండి తెలుగున కలిసిపోయిన మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. జమాబందీ, దస్తావేజు, ఫైసలా వంటి మాటలు పండితులకు అస్పృశ్యములు, రైతునకు మాత్రము నిత్యకృత్యములు. బ్రౌను వానికిని స్థానమిచ్చెను. తెలుగు వాచకమున జాబులను, అర్జీలను, కచేరీ కాగితములను ఉన్నవి ఉన్నట్లు అచ్చువేయించెను. తాతాచార్యులవారు చెప్పిన కథలను మాటలాడు భాషలోనే వ్రాయించి 1855లో ప్రకటించెను. వ్యావహారిక భాషను గూర్చి గిడుగు రామమూర్తి పంతులుగారు వాదము లేవదీయుటకు అర్ధశతాబ్దము ముందే, ఆ భాషకు అచ్చులో నిట్టి గౌరవము జరిగినది.

దోషములను మరుగుపరచి చెప్పిన చరిత్రము చరిత్రము కాదు. బ్రౌనునకు పట్టుదల హెచ్చు. అరసున్నను, బండిఱను జనులు ఉచ్చారణలో పాటింపరు గనుక నిఘంటువున వానికి స్థానము తగ్గించెను. లక్షణజ్ఞులు దీనిని సహింపలేదు. పద్యమున ప్రాస కుదురుటకును, మాట పుట్టుక తెలియుటకును అవి యావశ్యకములని వారి వాదము. అందు న్యాయము లేకపోలేదు. కొన్ని యర్థనిర్ణయములలో ఆయన పొరబడుటయు గలదు. తెలుగు కవుల శృంగారమును, పురాణగాథలను తన మతదృష్టితో తూచి తేలికగా మాటలాడిన తావులును గలవు. అయినను తాను మెచ్చనిదానిని చింపివేయలేదు. తన కిష్టములేని గ్రంథమునకును ఇష్టమైన గ్రంథమునకును ఒకే కాగితము, ఒకే సిరా, ఒకే శ్రద్ధ. గ్రంథరక్షకునకు ఇంతకంటె ధర్మము లేదు.

ఆయన వినయమునకు నిదర్శనము మరియొకటి. తనయొద్ద జీతమునకు పనిచేసిన పండితుల పేర్లను ఆయన మరువలేదు, మరుగుపరుపలేదు. అద్వైతబ్రహ్మయ్య, అప్పయ్య, వేంకటశివశాస్త్రి మొదలగువారి పేర్లు నేటికి తెలియుచున్నవనిన, బ్రౌను తన వ్రాతలలో వానిని నిలుపుటచేతనే. దొర పేరు పైన వెలిగి, పండితుని పేరు మట్టిలో కలియుట ఆ కాలపు రివాజు. బ్రౌను తాను తెలుగు పండితుల శిష్యుడనని యెరిగి మెలగెను. వారు లేనిదే ఆయన లేడు. ఆయన లేనిదే వారి పాండిత్యము కాగితమున కెక్కియుండదు.

నిఘంటువు ముగియునప్పటికి ఆయన ఆరోగ్యము చెడెను. 1855లో కొలువు విడిచి ఇంగ్లండునకు మరలిపోయెను. తాను పుట్టిన దేశమును, 38 ఏండ్ల క్రిందట ఉద్యోగమునకై అడుగిడిన తీరమును మరల చూడలేదు. లండనులో ఇరువది తొమ్మిదేండ్లు జీవించెను. ఆ కాలమును విశ్రాంతిగా గడుపలేదు. 1857లో వ్యాకరణమును మరల ముద్రించెను. 1863లో కర్ణాట కాలగణనమును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలయందు తెలుగు ఆచార్యుడుగా నియమితుడయ్యెను. అరువదియేడవ యేట, తెలుగు గాలి సోకని నగరమున, తెలుగు అక్షరములను పరదేశపు బాలురకు దిద్దించుట ఆయన ముసలితనపు వేడుక. తన సాహిత్యజీవితమును గూర్చి వ్రాసికొన్నదియు కొలది పుటలే. తన గొప్పను చెప్పుకొనుటకు పుటలు ఖర్చుచేయుట ఆయన కలవాటు లేదు. 1884 డిసెంబరు 12వ తేదీన స్వగృహమున కన్నుమూసెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన దేహము విశ్రమించుచున్నది. సంతానము లేదు. కాని తెలుగు నిఘంటువు విప్పిన ప్రతివాడును ఆయన ఆస్తికి వారసుడే.

ఆయన మరణానంతరము 1903లో నిఘంటువు సవరింపబడి మరల ముద్రితమయ్యెను. సవరించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఒకరు. పిమ్మట చాలకాలము తెలుగువారు బ్రౌను పేరును నిఘంటువు అట్టమీద చూచిరే కాని, మనిషిని మరచిరి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున బంగోరె యను పేరుతో ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు ఆయన జాబులను, కాగితములను వెదకి వెలికితీసిరి. కడపలో బంగళా శిథిలమై మొండిగోడలు మాత్రము మిగిలియుండగా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మున్నగువారు ఇంటింట చందాలు పోగుచేసి, 1987లో ఆ స్థలముననే బ్రౌను స్మారక గ్రంథాలయమునకు శంకుస్థాపన చేయించిరి. అది తరువాత భాషాపరిశోధన కేంద్రమై, యోగివేమన విశ్వవిద్యాలయపు నిర్వహణలోనికి వచ్చెను. వేమనను వెదకిన వాని తోటకు వేమన పేరిటి విద్యాలయము కాపుండుట కాలము చేసిన చక్కని లెక్క. చెల్లువేయవలసిన పద్దు చెల్లువేయబడినది.

బ్రౌను చరిత్రమునుండి గ్రంథాలయ పాఠకులు గ్రహింపదగిన దేమి? పెద్ద ధనము, పెద్ద పదవి లేకున్నను గ్రంథరక్షణము జరుగును. పాత యిండ్ల అటకలమీద నేటికిని తాటాకు కట్టలున్నవి. అవి ఏ కాలజ్ఞానమో, వైద్యమో, పేరెరుగని కవి శతకమో తెలియదు. పందిరి వేయునప్పుడో, ఇల్లు పడగొట్టునప్పుడో అవి పెంటకుప్పల పాలగుచున్నవి. అట్టి కట్ట కంటబడినప్పుడు దానిని దులిపి, గుడ్డలో చుట్టి, గ్రంథాలయమునకు తెచ్చి యిచ్చుటకు ఖర్చు కానీయైనను లేదు. ఎరవు తీసికొన్న పుస్తకమును మూలలు మడవక, పుటలు చింపక, గడువులోపల తిరిగి యిచ్చుటయు ఆ ధర్మములోనిదే. పుస్తకమును చదివినవాడు దానిని తనకు ముందు చదివిన వానికి ఋణపడియుండును, తన తరువాత చదువబోవువానికి పూచీపడియుండును. బ్రౌను దొరగారు 86 ఏండ్లు ఆ ఋణమును తీర్చుచు, ఆ పూచీని మోయుచు జీవించెను. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు బీరువాలో ఆయన నిఘంటువు ఒక్క ప్రతియైనను ఎల్లప్పుడు అందుబాటున నుండుట ఆ మహనీయునకు తగిన తర్పణము.